క్యాలెండర్ మీద అచ్చువెయ్యని వచనాలు

(ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో జరిగిన ఒక స్త్రీల కూటంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాట్లాడిన తీరు అలాగే ఉంచాం.)

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. ఆ మైకు కొంచెం కిందికి దించమ్మా... ఆ, చాలు. వెనకాల ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. మొహమాటం వద్దు.

పాస్టరమ్మ గారు పోయిన వారం ఫోన్ చేసి "ఆదరణ గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. నేను ప్రసంగాలు చేసేదాన్ని కాదండీ. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. అందుకని ఇది కూడా కాస్త క్లాసులాగే ఉంటుంది. మధ్యలో ప్రశ్నలు అడుగుతాను, నిద్రపోకండి.

మొదటి ప్రశ్న. "నీ భారము యెహోవామీద మోపుము, ఆయనే నిన్ను ఆదుకొనును." ఈ వచనం ఎంతమంది ఇంట్లో ఉంది? క్యాలెండర్ మీదో, గుమ్మం మీద స్టిక్కరో, ఏదైనా సరే... అబ్బో, అన్ని చేతులూ లేచాయి. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. పొద్దున నేనొచ్చిన ఆటో అద్దం మీద కూడా ఉంది. సరే, అది ఎక్కడిది? కీర్తనలు 55, 22వ వచనం. కరెక్ట్.

ఇప్పుడు రెండో ప్రశ్న. అదే కీర్తనలో 12వ వచనం ఏంటి?

ఏం, అందరూ కొంగులు సర్దుకుంటున్నారు? ఫరవాలేదు, నాకూ యాభై ఏళ్ల దగ్గర పడేదాకా తెలియదు. తియ్యండి బైబిళ్లు. "నన్ను దూషించువాడు శత్రువు కాడు, శత్రువైనయెడల నేను దాని సహింపవచ్చును." కిందికి రండి, 13. "ఈ పనిచేసిన నీవు నా సహకారివి, నా చెలికాడవు, నా పరిచయుడవు." ఇంకా కిందికి. "మనము కూడి మధురమైన గోష్ఠిచేసియున్నవారము." అక్కడితో ఆగలేదు. ఇద్దరం కలిసి పండక్కి వెళ్లే గుంపుతో దేవుని మందిరానికి నడిచి వెళ్లినవాళ్లమే కదా అంటున్నాడు ఈ కీర్తన రాసిన దావీదు రాజు.

అర్థమైందా అమ్మా? శత్రువు కొడితే తట్టుకుంటాను. నాతో కూర్చుని తిన్నవాడు, నా పక్కన కూర్చుని పాటలు పాడినవాడు కొట్టాడు, దీన్ని ఎలా తట్టుకోను అంటున్నాడు. అలా ఏడ్చి ఏడ్చి, తిట్టాల్సినవి తిట్టి, అప్పుడు 22వ వచనానికి వచ్చాడు. మనం క్యాలెండర్‌లో ఆ చివరిమెట్టు ఒక్కటి అచ్చేసుకున్నాం. కింద మెట్లేవీ లేకుండా నేరుగా దానిమీదే నిలబడాలని చూస్తాం. కాలు జారితే "నాకు విశ్వాసం చాల్లేదేమో" అని మళ్లీ మనల్నే అనుకుంటాం.

ఆ చెలికాడెవరో కీర్తనలో పేరు లేదు. అహీతోపెలు అయివుంటాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. 2 సమూయేలు 15 చదివితే ఎందుకంటారో తెలుస్తుంది. కన్నకొడుకు అబ్షాలోము తిరగబడ్డాడు. దావీదు యెరూషలేము వదిలి తలమీద ముసుగేసుకుని, చెప్పుల్లేకుండా, ఏడ్చుకుంటూ ఒలీవల కొండ ఎక్కుతున్నాడు. ఆ ఎక్కుతుండగానే ఎవరో వచ్చి చెప్పారు, అహీతోపెలు కూడా వాళ్లలో చేరాడని. అహీతోపెలంటే ఆయనకి ఆలోచన చెప్పే మనిషి. కొడుకు పోయాడనుకుంటే స్నేహితుడు కూడా పోయాడు, ఒకే రోజున.

ఇక్కడ చిన్న మాట. ఇది నా పిచ్చి లెక్క అనుకున్నా సరే. ఆమె భర్తని చంపించి దావీదు తన ఇంటికి తెచ్చుకున్న బత్షెబ, 2 సమూయేలు 11లో, ఏలీయాము కూతురు. 23లో అహీతోపెలు కొడుకు పేరు ఏలీయాము. ఆ ఏలీయాము, ఈ ఏలీయాము ఒకరే అయితే అహీతోపెలు బత్షెబకి తాత. అంటే దావీదు ఎవరి ఇంటిని కూల్చాడో ఆ ఇంటి పెద్దే ఇప్పుడు అవతల పక్షాన నిలబడ్డాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, నేను ఈరోజు నాకు తగిలిన దెబ్బ గురించే మాట్లాడతాను గానీ, నావల్ల దెబ్బ తిన్నవాళ్లు కూడా ఎక్కడో ఉండే ఉంటారు. నా కోడలు ఇక్కడ లేదు కాబట్టి ధైర్యంగా ఒప్పుకుంటున్నాను. నవ్వకండి.

సరే, నా విషయం. పేర్లు చెప్పను, ఊరు చెప్పను. డెల్టాలో ఒక ఊరు అనుకోండి.

మా నాన్నకి మేమిద్దరం. అన్నయ్య, నేను. నాకంటే ఆరేళ్లు పెద్దవాడు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లేవాడు. నా చేతులకి బలపం మరకలుంటే టీచరు కొడుతుందని గేటు దగ్గర ఆపి, రుమాలు ఉమ్మితో తడిపి తుడిచేవాడు. అమ్మ ముందే పోయింది. నాన్న 1996లో పోయారు, వీలునామా రాయలేదు. ఇల్లు, ఎకరం ఇరవై సెంట్ల మాగాణి. అంతే ఆస్తి.

1997లో ఒకరోజు అన్నయ్య స్కూలుకి వచ్చాడు. "పాసుపుస్తకం నా పేరున మార్చాలి, లోను కోసం. నువ్వొచ్చి ఒక సంతకం పెట్టాలి" అన్నాడు. హాఫ్ డే లీవు పెట్టి వెళ్లాను. రిజిస్ట్రార్ ఆఫీసు బయట స్టాంపులమ్మే బల్ల దగ్గరే కాగితాలు రెడీగా ఉన్నాయి. నేను టీచర్ని కదండీ. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకండ్రా అని ప్రతి ఏడాదీ పదో తరగతి పిల్లలకి చెప్పేదాన్ని. ఆరోజు చదవలేదు. అన్నయ్య కాగితాలు చదవడమేంటి, చదివితే ఏమనుకుంటాడు అనిపించింది. లోపల ఆఫీసరు "ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా?" అని అడిగారు. "అవునను" అని అన్నయ్య పక్కనుంచి అన్నాడు. అవునన్నాను. ఎడమచేతి బొటనవేలికి ఊదారంగు సిరా రాసి ముద్ర వేయించుకున్నారు.

బయటికొచ్చాక అన్నయ్య జేబులోంచి రుమాలు తీశాడు. ఉమ్మితో తడిపాడు. నా వేలు పట్టుకుని తుడిచాడు, చిన్నప్పటిలాగే. చెట్టు కింద నిలబెట్టి సోడా కూడా తాగించాడు. ఆ సిరా పోలేదు, మూడు రోజులుంది. ఆ ఆదివారం సంస్కారపు బల్ల, గుడిలో అందరం ప్రభువు రొట్టె తీసుకునే రోజు. రొట్టె కోసం చెయ్యి చాపితే వేలు ఊదాగా ఉంది. నాకు రెండు వరుసల అవతల అన్నయ్య మోకాళ్ల మీద ఉన్నాడు. అప్పటికి నాకేం తెలియదు కాబట్టి సంతోషంగానే ఉన్నాను.

రెండేళ్ల తర్వాత మా పెద్దమ్మాయి చదువుకి డబ్బు కావాల్సి వచ్చి, నా వాటా పొలం మీద లోను తీసుకుందామని ఈసీ తీయించాం, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం. అందులో వాటాదారుగా నా పేరు లేదు. హక్కు విడుదల దస్తావేజు అని రాసి ఉంది, నా వాటా నేనే అన్నయ్యకి వదిలేసి రాసిచ్చినట్టు. పొలానికీ, ఇంటికీ రెండిటికీ.

అడగడానికి వెళ్లాను. "నీ పెళ్లికి పెట్టింది చాల్లేదా?" అన్నాడు. అంతే, ఒకటే మాట. వదిన మజ్జిగ తెచ్చింది. తాగాను. ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు, ఆ క్షణంలో గ్లాసు వద్దంటే బాగోదేమో అనిపించింది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చాను.

పొలం విలువ గురించి కాదండీ నేను చెప్పేది. పొలం పోతే పోయింది. ఆ రుమాలు సంగతేంటి? ఆ తుడవడం అబద్ధమా, నిజమా? అబద్ధమైతే చిన్నప్పటిది కూడా అబద్ధమేనా? అయినవాళ్లు చేసిన గాయంలో ఉండే తిరకాసు ఇదే. వాళ్లు ఇవాళ్టిది తీసుకుని ఊరుకోరు. వెనక్కి వెళ్లి నిన్నటిది, మొన్నటిది, మీ బాల్యం కూడా పట్టుకుపోతారు. 55లో 21వ వచనం చూడండి. "వారి నోటి మాటలు వెన్నవలె మృదువుగా నున్నవి." ఉప్పులాగో కారంలాగో ఉంటే జాగ్రత్తపడేవాళ్లం. వెన్న కదా.

ఆ తర్వాత ఆరేడు నెలలు నా బతుకు ఎలా ఉందో ఒక్కటి చెప్తాను, మిగతాది మీరే ఊహించుకోండి. ఏడో తరగతికి భిన్నాలు చెప్తున్నాను. బోర్డు మీద లెక్క రాశాను. ఒక తండ్రికి ఇద్దరు పిల్లలు, పొలం సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది. రాసి, సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. పిల్లలు "సగం టీచర్, సగం టీచర్" అని అరుస్తున్నారు. నేను బయటికొచ్చి నీళ్ల కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నిలబడ్డాను.

గుడికి వెళ్లడం మానేశాను. వెళ్తే ఏముంది, కానుక సంచి పట్టుకుని వరుసల మధ్య తిరిగేది అన్నయ్యే. నా ముందుకి సంచి చాపుతాడు. నేను అందులో వెయ్యాలి.

సంఘం పెద్దలు ముగ్గురు ఇంటికొచ్చారు. అన్నయ్యని అడగడానికి కాదు, నాకు చెప్పడానికి. నేను కోర్టుకి వెళ్తానేమోనని భయం. 1 కొరింథీయులు 6 తీసి ఏడో వచనం చదివారు. "అన్యాయము సహించుట మేలు కాదా?" నేను తలూపాను. వాళ్లు వెళ్లాక నేనే తీసి కింది వచనం చదివాను. ఎనిమిది. "అయితే మీరే అన్యాయము చేయుచున్నారు, అపహరించుచున్నారు, మీ సహోదరులకే యీలాగు చేయుచున్నారు." ఇది ఎవరింటికి వెళ్లి చదవాలి? రెండు వచనాలూ ఒకే పేజీలో ఉన్నాయి, పక్కపక్కనే. పెద్దల వేలు సరిగ్గా ఏడు దగ్గరే ఆగింది. ఇక్కడ సంఘం పెద్దలెవరైనా వెనక కూర్చుని వింటుంటే కోపం తెచ్చుకోకండి అయ్యా. తెచ్చుకున్నా ఫరవాలేదు.

పనిలో పనిగా ఇది కూడా వినండి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. మన క్రైస్తవులకి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. తండ్రి వీలునామా లేకుండా పోతే తల్లికి మూడో వంతు, మిగతాది పిల్లలకి. కొడుకైనా కూతురైనా సమానం. తల్లి లేకపోతే అంతా పిల్లలకే సమానంగా. పెళ్లికి పెట్టాం కాబట్టి లేదు అనే మాట అందులో ఎక్కడా లేదు. అడగడం పాపమంటారేమో, సంఖ్యాకాండము 27 చదవండి. సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. మోషే ఎదుట, యాజకుడి ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి మా నాన్న భాగం మాకివ్వండి అన్నారు. మోషేకి ఏం చెప్పాలో తోచక దేవుణ్ణి అడిగాడు. దేవుడేమన్నాడు? "సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది యుక్తము." సర్దుకుపొమ్మనలేదు.

నేను కోర్టుకి వెళ్లలేదు. దాన్ని నా విశ్వాసం అని ఎవరైనా మెచ్చుకుంటే ఒప్పుకోను. అది భయం. మా ఆయనకి ఓపిక లేదు, నాకు ధైర్యం లేదు. వెళ్లిన ఆడపిల్లని నేనెప్పుడూ తప్పు పట్టను.

మరి ఆదరణ ఎక్కడినుంచి వచ్చింది? దానికే కదా మీరు నన్ను పిలిచింది.

మా ఊళ్లో ఒక బైబిల్ ఉమన్ ఉండేది. ఈ తరం పిల్లలకి తెలియదేమో. మిషనువాళ్ల కాలం నుంచీ ఉన్న ఉద్యోగం అది. గొడుగు, సంచి, సంచిలో బైబిలు, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకి వాక్యం చదివి వినిపించడం. అప్పటికే ఆవిడకి డెబ్బై దాటాయి. మేమంతా అత్తమ్మ అనేవాళ్లం. ఒక సాయంత్రం వచ్చింది. కరెంటు లేదు. వసారాలో నవారు మంచం మీద కూర్చుని "నాకు చూపానడం లేదు, నువ్వు చదువు. 55 తియ్యి" అంది. దీపం దగ్గర పెట్టుకుని చదివాను. 12, 13, 14. గొంతు పట్టేసింది. 15 దగ్గరికొచ్చి ఆపేశాను. అందులో దావీదు శపిస్తున్నాడు. మరణం వాళ్లమీద హఠాత్తుగా పడాలి, బతికుండగానే పాతాళానికి దిగిపోవాలి అని.

"ఇది చదవొచ్చా అత్తమ్మా?" అన్నాను.

"రాసింది నువ్వు కాదుగా. చదువు."

చదివాను. ఇంకోసారి చదవమంది. ఈసారి గట్టిగా చదివాను. మూడోసారి చదువుతుంటే ఏడుపొచ్చేసింది. ఏడు నెలల్లో అదే మొదటిసారి ఏడవడం. అప్పటిదాకా మజ్జిగ తాగిన మనిషినే.

ఆవిడ ఏమీ అనలేదు. క్షమించమనలేదు. దేవుడు దీన్ని మేలుకే చేశాడమ్మా అనలేదు. టీ తాగింది. లేచేముందు నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. ఎంత ప్రార్థనో వినండి. "అయ్యా, ఈ పిల్లకి దెబ్బ తగిలింది. చూశావుగా. ఆమేన్."

అంతే. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

"చూశావుగా." ఈ ఒక్కమాట నన్ను పట్టుకుంది. అప్పటిదాకా నేను చేసిన ప్రార్థనల్లో దేవుడికి రిపోర్టు ఇస్తున్నాను, ఇలా జరిగింది ప్రభువా, అలా జరిగింది ప్రభువా అని. ఆవిడ ఆయన్ని సాక్షిని చేసేసింది. స్టాంపు బల్ల దగ్గర ఆయన ఉన్నాడు. రుమాలు తీసినప్పుడు ఉన్నాడు. ఆదికాండము 16లో అబ్రాహాము భార్య శారా శ్రమపెడితే తట్టుకోలేక అరణ్యంలోకి పారిపోయింది హాగరు, కడుపుతో ఉంది. నీళ్ల బుగ్గ దగ్గర దూత కనపడి మాట్లాడాడు. ఆమె దేవుడికి పెట్టిన పేరేంటి? చూచుచున్న దేవుడవు. ఒక దాసి, ఇంట్లోవాళ్ల చేతిలో నలిగిపోయిన ఆడమనిషి, దేవుడికి పేరు పెట్టింది. అబ్రాహాము ఇంట్లో జరిగింది ఆయనకి తెలుసని ఆమెకి తెలిసింది.

మర్నాడు పక్క కీర్తన చదివాను. 56, ఎనిమిదో వచనం. "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా." బుడ్డి అంటే మనకి కిరసనాయిలు బుడ్డి గుర్తొస్తుంది. మూలభాషలో అది తోలుతిత్తి, ప్రయాణంలో నీళ్లు మోసుకెళ్లేది. కవిలె అనే మాట ఇప్పుడు ఎవరూ వాడరు గానీ, మా నాన్న వాడేవారు. కరణం గారి కవిలె అనేవారు. ఎవరికెంత భూమి, ఎవరెంత శిస్తు కట్టారు, అన్నీ రాసిపెట్టే లెక్కల పుస్తకం. మన తెలుగు బైబిలు అనువదించినవాళ్లు ఈ మాట ఎందుకు ఎంచుకున్నారో గానీ, ఆ పొద్దున నాకోసమే పెట్టినట్టనిపించింది. ఒక ఆఫీసు కవిలెలోంచి నా పేరు తీయించేశారు. ఇంకో కవిలెలో ఉంది.

అలాగని మర్నాటి నుంచి అంతా బాగైపోయిందని చెప్పను. సాక్ష్యాలు చెప్పేటప్పుడు మనం అలా చెప్పేస్తాం, అది తప్పు. నిద్ర పట్టడానికి ఏడాది పట్టింది.

అందరూ యోసేపు కథ చెప్పేవాళ్లు నాకు. యోసేపు అన్నల్ని క్షమించలేదా అని. సరే అని లెక్కలు కట్టాను. పదిహేడో ఏట అన్నలు గుంటలో పడేశారు, ఇరవై వెండి నాణేలకి అమ్మేశారు. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి ముప్పై. ఏడేళ్లు పంట, రెండేళ్లు కరువు. అన్నలకి "నేనే యోసేపుని" అని చెప్పేసరికి ముప్పై తొమ్మిది. ఇరవై రెండేళ్లు! మనం పక్కింటావిడకి రెండు వారాలు గడువిస్తాం, ఇంకా క్షమించలేదా అంటాం.

ఇంకోటి. మొదటి కొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు. నా బాధనీ, నా తండ్రి ఇంటివాళ్లనీ మరచిపోయేలా దేవుడు చేశాడు అని దాని అర్థం. మరచిపోయాను అని కొడుక్కి పేరు పెట్టుకుని రోజూ పిలుస్తున్నవాడు మరచిపోయినట్టా? ఏం నాయనా మరచిపోయాను, అన్నం తిందువురా. పాపం, యోసేపు అంటే నాకు ఇక్కడే ఇష్టం.

ఆదికాండము 37వ అధ్యాయంలో గుంటలో పడేశాక అన్నలు భోజనానికి కూర్చున్నారని రాసుంది. లోపల వాడు ఏమన్నాడో రాయలేదు. వాడి గొంతు మనకి వినపడదు. 42వ అధ్యాయంలో, ఇరవై ఏళ్లు దాటాక, కరువులో ధాన్యం కొనడానికి ఐగుప్తుకి వచ్చినప్పుడు అన్నలే ఒప్పుకుంటారు. అతను బతిమాలుకుంటుంటే, అతని వేదన చూసి కూడా మనం వినలేదే అని. బతిమాలాడన్న సంగతి మనకి అప్పుడే తెలుస్తుంది, అదీ చేసినవాళ్ల నోటితో. యోసేపు అక్కడే, అధికారిగా ఉన్నాడు. మధ్యలో దుబాసీ ఉన్నాడు కాబట్టి ఇతనికి మన భాష రాదనుకున్నారు. విని, అవతలికి వెళ్లి ఏడ్చి, మొహం తుడుచుకుని మళ్లీ వచ్చాడు.

వచ్చి వెంటనే కౌగిలించుకున్నాడా? లేదు. అన్నల్లో ఒకడైన షిమ్యోనుని బంధించాడు. బెన్యామీను గోనెలో గిన్నె పెట్టించాడు. తమ్ముణ్ణి మళ్లీ వదిలేస్తారా లేదా అని చూశాడు. ఇంకో అన్న యూదా ముందుకొచ్చి "వాడి బదులు నేను దాసుడిగా ఉంటాను" అన్నాక, అప్పుడు మిగతావాళ్లందరినీ బయటికి పంపించేసి బోరుమన్నాడు. నాకైతే అర్థమైంది ఇది. మనసులో పగ వదిలేయడం ఒక పని. మళ్లీ తాళాలు చేతికివ్వడం ఇంకో పని. మొదటిది దేవుడికీ నాకూ మధ్యది. రెండోది అవతలివాడు మారాడా లేదా చూసుకుని చేసేది. చివర్లో తండ్రి పోయాక కూడా "మీరు నాకు కీడు చేయనుద్దేశించితిరి" అనే అన్నాడు. దాన్ని మేలుకి తిప్పింది దేవుడు, నిజమే. కానీ కీడుని కీడనే పిలిచాడు, పొరపాటు అనలేదు.

మీరడగొచ్చు, యేసుప్రభువు అలా చూసుకుని ప్రేమించాడా అని. ప్రభువు గురించి ఒక చిన్న విషయం చూపిస్తాను. కీర్తనలు 41, తొమ్మిదో వచనం. "నేను నమ్ముకొనిన నా విహితుడు నా యింట భోజనముచేసినవాడు" నన్ను తన్నడానికి మడమ ఎత్తాడు అని ఉంది. యోహాను 13లో, ఆ రాత్రి బల్ల దగ్గర, తనని పట్టివ్వబోయే శిష్యుడు ఇస్కరియోతు యూదా సంగతి చెప్తూ ప్రభువు ఈ మాటే ఎత్తాడు. 18వ వచనం చూడండి. భోజనం చేసేవాడు ఉంది, మడమ ఉంది. "నేను నమ్ముకొనిన" అన్నమాట లేదు. ఎందుకు వదిలేశాడో నేను పండితురాలిని కాను. కానీ అదే సువార్త రెండో అధ్యాయం చివర ఉంది, ఆయన అందరినీ ఎరిగినవాడు కాబట్టి తనను వాళ్ల వశం చేసుకోలేదని. ప్రేమించాడు, కాళ్లు కడిగాడు, ముక్క ముంచి ఇచ్చాడు. వశమైపోలేదు.

అయితే ఆయనకి నొప్పి లేదనుకోకండి. తోటలోకి వచ్చి ముద్దు పెట్టుకున్నవాణ్ణి "చెలికాడా" అని పిలిచాడు. 55లో దావీదు వాడిన మాటే, తెలుగులో. నా అన్నయ్య రుమాలు, యూదా ముద్దు. ఆ తోట ఉన్నది కూడా ఒలీవల కొండ మీదే, దావీదు చెప్పుల్లేకుండా ఏడ్చుకుంటూ ఎక్కిన కొండే. నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నిలబడ్డచోట ఆయన ముందే నిలబడి ఉన్నాడని తెలిసేసరికి, ఇంక ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది నాకు. ఏమైందో తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే ఉండే నెమ్మది ఉంటుంది చూడండి, అది.

ఒక్క హెచ్చరిక. ఇది చెప్పకుండా దిగితే దేవుడు నన్నడుగుతాడు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరినైనా ఇంట్లో కొడుతుంటే, నేను చెప్పిన మనసు నెమ్మది గురించి తర్వాత ఆలోచిద్దువు గానీ, ముందు అక్కడినుంచి బయటికి రామ్మా. దావీదు తనని చంపాలని చూసిన సౌలు రాజుని చంపలేదు, పగపట్టలేదు. కానీ సౌలు ఈటె విసిరితే తప్పుకుని పారిపోయాడు. ఈటెకి ఎదురుగా కూర్చుని సితారా వాయించడం విశ్వాసం కాదు. 2005లో గృహహింస చట్టం వచ్చింది. 181కి ఫోన్ చెయ్యండి, అది ఆడవాళ్ల సహాయ నంబరు. పాస్టరమ్మ గారూ, ఈ నంబరు రేపు నోటీసు బోర్డు మీద పెట్టించండి, వచనం పక్కనే.

అన్నయ్య సంగతి అడుగుతారు. అందరూ అడుగుతారు.

పదకొండేళ్లు మాటల్లేవు. 2010లో వదిన ఫోన్ చేసింది. పక్షవాతం, కుడివైపు పడిపోయింది, మాట పోయింది. వెళ్లాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకున్నాను. నాలుగో రోజు బస్సెక్కాను, క్యారియర్‌లో చారన్నం, మెత్తగా కలిపి. గేటు దగ్గర కాళ్లు వణికాయి. అది నా సగం ఇల్లు కూడా కదా అనిపించింది, నిజం చెప్తున్నాను, ఆ గుమ్మంలో అదే ఆలోచన.

మంచం పక్కన కూర్చున్నాను. చూశాడు. ఏమీ అనలేడు. నేను కూడా ఏమీ అనలేదు. స్పూనుతో రెండు ముద్దలు పెట్టాను. తర్వాత బాగున్న ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, బొటనవేలు వెతుక్కుని, దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. రుమాలు లేదు, ఉత్త వేళ్లతోనే. తుడుస్తూనే ఉన్నాడు. ఆ జబ్బులో చేతులు అలా ఊరికే కదులుతుంటాయేమోనని తర్వాత మా నర్సమ్మాయిని అడిగాను. ఉండొచ్చమ్మా అంది.

అది క్షమాపణ అడగడమో, జబ్బో నాకు తెలియదు. తర్వాత నాలుగు నెలలకి పోయాడు. పొలం రాలేదు, ఇల్లు రాలేదు. తిరుగు బస్సులో ఏడ్చాను గానీ అందులో కోపం ఎంతో, ప్రేమ ఎంతో, లెక్కల టీచర్నై ఉండి కూడా విడదీయలేకపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టింది.

సరే, టైము దాటిపోయింది. అదిగో, టీలు కూడా వచ్చినట్టున్నాయి. ఎవరికైనా ఒంటరిగా మాట్లాడాలనుంటే టీ అయ్యాక ఆ కిటికీ పక్క బెంచీ మీద ఉంటాను. సలహాలు ఏమీ ఇవ్వను, వింటాను. ఇప్పుడు అందరూ 55వ కీర్తన తియ్యండి. మొదటినుంచి చివరిదాకా, అందరం ఒకే గొంతుతో. పదిహేనో వచనం దగ్గర ఎవరూ గొంతు తగ్గించకండి. ఆ చివర పెద్దమ్మ గారూ, మీరు మొదలుపెట్టండి.